పూర్ణా మార్కెట్ వెనక సందులో పటాలు కట్టే షాపు: ఎగ్జిబిషన్ వారంలో నా అనుభవం

వైజాగ్‌లో బొమ్మలకి ఫ్రేములు బాగా కట్టేది ఎవరండీ అని ఈ మధ్య నన్ను అడగనివాళ్ళు లేరు. ఎగ్జిబిషన్ అయ్యాక మరీ ఎక్కువైపోయింది, వచ్చినవాళ్ళలో సగం మంది బొమ్మ ముందు నించుని బావుందండీ అనేసి ఆ వెంటనే ఫ్రేము ఎక్కడ కట్టించారు అంటారు, బొమ్మ వేసినదాన్ని నేనిక్కడ ఉండగా ఫ్రేము గురించి అడుగుతారేంటి అని కొంచెం కాలుద్ది కానీ అడగడంలో న్యాయం లేకపోలేదు. అందుకే మొత్తం ఒకసారి రాసి పడేస్తున్నా, ఇక మీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా.

షాపు పేరు మాత్రం రాయట్లేదు. పెద్దాయనే వద్దన్నారు, ఉన్న పనే తెమలట్లేదమ్మా ఇంకా జనాన్ని తోలకు అని. ఎలా కనుక్కోవాలంటే పూర్ణా మార్కెట్ వెనక సందుల్లోకి వెళ్ళి, బయట సింహాద్రి అప్పన్న, కనకమహాలక్ష్మి అమ్మవారు, పక్కనే ఎవరిదో పెళ్ళి ఫోటో, ఇవన్నీ ఒకే మేకు వరసలో వేలాడుతున్న షాపు కోసం చూడండి. అలాంటివి రెండు మూడు ఉంటాయి, వాటిలో లోపల రంపం పొట్టు వాసన వచ్చేది మనది. మిగతావాళ్ళు రెడీమేడ్ ఫ్రేములు తెచ్చి అమ్ముతారు, ఈయన మాత్రం చెక్క అక్కడే కోస్తాడు.

నేను స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. మిగిలిన టైంలో వాటర్ కలర్లు వేస్తా. ఈసారి బొమ్మలన్నీ ఫిషింగ్ హార్బర్ చుట్టూ వేసినవి, మరబోట్లు, ఐసు బుట్టలు, వలలు కుట్టేవాళ్ళు, ఆ పక్కనే రాస్ హిల్ మీద చర్చి, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ, మూడూ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి కదా పోర్టు దగ్గర, వాటిని పొద్దున్నొకలా సాయంత్రమొకలా రకరకాలుగా వేశాను. బీచ్ రోడ్డు వైపు ఒక హాలు దొరికింది. అదే వారంలో ఒక కాలేజీలో ఫైన్ ఆర్ట్స్ పిల్లలకి వడ్డాది పాపయ్య గారి మీద మాట్లాడాలి, ఆదివారం చిన్నపిల్లలకి వర్క్‌షాపు. అన్నీ ఒకే వారంలో పెట్టుకోమని నాకెవరూ చెప్పలేదు, హాలు ఖాళీ, కాలేజీ వాళ్ళ తీరిక, స్కూలు సెలవు మూడూ అలా కలిశాయి. ఈ మూడింట్లోనూ ఈ షాపు చెయ్యి ఉంది, అందుకే ఇది ఫ్రేముల షాపు రివ్యూనే అయినా మిగతా కబుర్లు కూడా వస్తాయి, ఏమనుకోకండి.

ఇంతకుముందు నేను వేరే చోట కట్టించేదాన్ని. ఆ షాపు గురించి ఎక్కువ చెప్పను, బొమ్మ వెనక మొత్తం తెల్ల జిగురు పూసి హార్డ్‌బోర్డుకి అతికించేశారు, ముడత పడకుండా ఉంటుందట. ఆ కాగితం మళ్ళీ ఆ బోర్డు నుంచి ఊడదు, జన్మలో. చక్కగా నున్నగా కనిపిస్తుంది కాబట్టి కొనేవాళ్ళకి తెలీదు, రెండు మూడు వానాకాలాలు పోయాక గోధుమ రంగు చుక్కలు బయటకొచ్చినప్పుడు తెలుస్తుంది. మన ఊళ్ళో సముద్రపు గాలి, గోడల చెమ్మ, బీరువాలో పెట్టిన బట్టలకే బూజు వాసన వస్తుంది, కాగితం ఎంత.

ఈయన దగ్గర మొదట నచ్చిందేంటంటే బొమ్మ తీసుకెళ్తే ముందు చేతులు కడుక్కొస్తాడు. తర్వాత బొమ్మని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, రేటు చెప్పడు, ఫ్రేముల శాంపిల్స్ తియ్యడు, ఏ గోడకమ్మా అని అడుగుతాడు. బయట గోడా లోపలి గోడా, ఎండ ఎటు నుంచి పడుద్ది, వెనక బాత్రూం ఉందా. నేను ఎగ్జిబిషన్‌కి అంటే, ఎగ్జిబిషన్ నాలుగు రోజులే కదా, తర్వాత కొన్నోళ్ళ గోడ సంగతి ఏటి అన్నాడు. నాకు జవాబు లేదు.

నేను బంగారు రంగు సన్నటి పట్టీ ఉన్న ఫ్రేము చూపించి ఇది బావుంటుందేమో బాబాయ్ అన్నా. బొమ్మ వంకా ఫ్రేము వంకా చూసి, "ఏటమ్మా, నీ పడవకి పెళ్ళా?" అన్నాడు. అంతే, ఆ శాంపిల్ తీసి వెనక్కి పెట్టేశాడు. ఎక్కువ రేటుది కాదని తక్కువ రేటుది అంటగట్టే షాపు నేనెక్కడా చూళ్ళేదు. చివరికి ఒక అంగుళం వెడల్పు, ఏ చెక్కడాలూ లేని టేకు రంగు చెక్క, తెల్లకీ మీగడకీ మధ్యలో ఉండే మౌంట్ బోర్డు ఖాయం చేశాం. అన్నిటికీ అదే. మొదట్లో బోరు కొడుతుందేమో అనుకున్నా, గోడ మీద వరసగా పెట్టాక ఫ్రేములు కనబడటం మానేశాయి, బొమ్మలే కనిపించాయి.

మౌంటు గురించి కొంచెం చెప్పాలి ఎందుకంటే చాలామంది అది అందం కోసం అనుకుని డబ్బులు మిగుల్చుకోవడానికి తీయించేస్తారు. బొమ్మ చుట్టూ ఉండే ఆ దళసరి అట్ట అసలు పని అద్దం బొమ్మకి తగలకుండా చూడటం. వాతావరణం మారినప్పుడు అద్దం లోపలివైపు చెమ్మ పడుతుంది, కాగితం అద్దానికి ఆనుకుని ఉంటే ఆ చెమ్మ అక్కడే ఉండిపోయి బూజు పడుతుంది, ఫోటో అయితే అద్దానికి అంటుకుపోతుంది కూడా. ఇది నాకు ఆయన చెప్పడం కాదు, చూపించాడు. ఎవరో ముసలావిడ ఫోటో, నలుపు తెలుపుది, ఇంటివాళ్ళు అద్దం పగిలిందని మార్చమని ఇచ్చారు. ఫోటో నేరుగా అద్దానికి ఆన్చి కట్టారు ఎప్పుడో. ఆయన వెనక అట్ట తీసి, సన్నటి రేకు కత్తి అంచు నుంచి లోపలికి పోనిస్తూ ఊపిరి బిగబట్టి లాగుతుంటే ముక్కుపుడక దాకా బాగానే వచ్చింది, కుడి చెంప మాత్రం రాలేదు. అక్కడ ఫోటో పైపొర అద్దంతో ఒకటైపోయింది. ఇంక లాగలేదు. పగిలిన అద్దంతోనే పక్కన పెట్టి, ముందు దీన్ని ఇలాగే స్కాన్ చేయించుకోండి అని వాళ్ళకి ఫోన్ చేయించాడు వాళ్ళబ్బాయి చేత. అద్దం మార్చి డబ్బులు తీసుకుంటే ఎవరడుగుతారు చెప్పండి.

బొమ్మని మౌంటుకి పట్టించే పద్ధతి కూడా సరైనది. పై అంచున మాత్రం రెండు చోట్ల పల్చటి కాగితం పట్టీలతో వేలాడదీస్తాడు, కింద, పక్కల ఏమీ అతికించడు. చెమ్మకి కాగితం పెరుగుతుంది, ఎండకి తగ్గుతుంది, నాలుగు వైపులా అంటించేస్తే పెరిగిన కాగితానికి దారి లేక మధ్యలో అలలు అలలుగా లేస్తుంది. జిగురు మైదా ఉడకేసిందే, నీళ్ళ చుక్కతో ఎప్పుడైనా వదిలిపోయేది. కాకపోతే పురుగు పట్టకుండా బైండింగ్ వాళ్ళలాగా అందులో మైలుతుత్తం కలిపే అలవాటుంది, అది నా కాగితానికి వద్దు బాబాయ్ అన్నా, కాసేపు గొణిగాడు కానీ విడిగా ఉడకేశాడు. మీరూ అడగండి. మౌంట్ బోర్డు కూడా ఆసిడ్ లేనిది కావాలని నోరు తెరిచి అడగాలి, అడక్కపోతే మామూలుదే వేస్తాడు, దేవుడి పటాలకి అదే వాడతాడు కాబట్టి చేతికి అదే వస్తుంది. కోసిన అంచు చూస్కోండి, మామూలు బోర్డు అయితే ఆ ఏటవాలు అంచు కొన్నేళ్ళకి పసుపెక్కిపోతుంది.

ఇప్పుడు రేటు సంగతి. మొదటిసారి వెళ్ళినవాళ్ళందరూ ఇక్కడే గొడవపడతారు, బొమ్మ ఇంతే ఉంటే ఇన్ని అడుగులు ఎలా అయ్యింది అని. నా బొమ్మలు ఎక్కువ సగం ఇంపీరియల్ షీటువి, అంటే 22 అంగుళాల వెడల్పు, 15 ఎత్తు. చుట్టూ మౌంటు 3 అంగుళాలు, కింద మాత్రం మూడున్నర, కింద కాస్త ఎక్కువ ఉంటేనే కంటికి బొమ్మ జారిపోతున్నట్టు అనిపించదు. అప్పుడు అద్దం సైజు 28 ఇంటూ 21న్నర. చుట్టుకొలత 99 అంగుళాలు. దానికి మూలల కోతకి ఇంకో 8 కలపాలి, ఎందుకంటే నాలుగు మూలల్లోనూ చెక్కని 45 డిగ్రీల్లో కోస్తారు, ఒక్కో కర్రకి రెండు చివర్లూ ఫ్రేము వెడల్పంత పోతుంది, అంగుళం వెడల్పు కర్ర కాబట్టి ఎనిమిది చివర్లకి 8 అంగుళాలు. మొత్తం 107, అంటే ఇంచుమించు 9 అడుగులు. ఫ్రేము ఎంత వెడల్పైతే ఈ వేస్టేజీ అంత పెరుగుద్ది. ఈ లెక్కంతా ఆయన మౌంట్ బోర్డు ముక్క మీద పెన్సిల్‌తో వేసి చేతికిస్తాడు, అదే బిల్లు. కంప్యూటర్ బిల్లు కావాలంటే వాళ్ళబ్బాయి ఉన్నప్పుడు వెళ్ళాలి. నాకు ఒక్కోటి మౌంటు, అద్దం, వెనక బోర్డు, హుక్కులు అన్నీ కలిపి రెండు వేలకి కొంచెం అటూ ఇటూ పడింది. చవక కాదు. సింథటిక్ ఫ్రేములైతే ఇంకా తక్కువలో వచ్చేస్తాయి, అవి తేలిగ్గా ఉంటాయి, చెద పట్టదు, పిల్లల సర్టిఫికెట్లకి శుభ్రంగా సరిపోతాయి.

మూలలు చూడండి. నేను ఏ షాపుకి వెళ్ళినా గోరు పెట్టి మూల మీద అడ్డంగా గీస్తా, గోరు తట్టుకుంటే ఆ రెండు కర్రలూ సరిగ్గా కలవలేదని. చాలాచోట్ల సందులో లప్పం కూరి రంగు పూసేస్తారు, కొత్తలో తెలీదు, ఏసీ గదిలో ఒక ఎండాకాలం ఉంటే లప్పం రాలి సందు కనబడుతుంది. ఈయన ఫ్రేముల్లో గోరు ఆగలేదు. ఒక్కటంటే ఒక్కదాంట్లో ఆగింది, చెప్పేలోపే ఆయనే చూసి దాన్ని విప్పేశాడు.

అద్దం దగ్గర మేం వాదించుకున్నాం. హాల్లో లైట్లు పడి అందరి మొహాలూ బొమ్మల్లో కనిపిస్తాయని నాకు భయం, మెరవని అద్దం వేద్దాం అన్నా, దానికి రేటు ఎక్కువ. వద్దన్నాడు. ఒక ముక్క తెచ్చి బొమ్మ మీద పెట్టి చూపించాడు, ఆనించి పెడితే బానే ఉంది, మౌంటంత ఎత్తు లేపగానే వలల గీతలన్నీ మంచు పట్టినట్టు మసకబారిపోయాయి. దాని మీద గరుకు ఉంటుంది, వెలుగుని చెదరగొడుతుంది, బొమ్మకి దూరం పెరిగే కొద్దీ బొమ్మని కూడా చెదరగొడుతుంది. పూత వేసిన మ్యూజియం అద్దం వేరే ఉంది, అది పెడితే బొమ్మ కంటే అద్దం ఖరీదు. మామూలు 2 ఎంఎం అద్దమే వేసి, వేలాడదీసే తీగ కాస్త వదులుగా కడితే ఫ్రేము పైభాగం ముందుకి వంగి లైటు కిందకి పోతుంది అన్నాడు. పెద్ద బొమ్మ ఒక్కదానికి బరువు తగ్గుతుందని ఆక్రిలిక్ షీటు వేశాం. చార్‌కోలు, పాస్టల్ వేసేవాళ్ళు మాత్రం ఆక్రిలిక్ జోలికి పోవద్దు, తుడిచినప్పుడు దానికి కరెంటు పట్టి పొడినంతా పైకి లాక్కుంటుంది.

ఇంతవరకూ పొగిడా కదా, ఇక తిట్లు.

రేపు. ఈ ఒక్క మాటతో నా బీపీ పెంచేశారు. సోమవారానికి అంతా అయిపోద్ది అన్నారు, సోమవారం వెళ్తే సగం బొమ్మలు ఇంకా మౌంటు కూడా కొయ్యలేదు, ఎవరో అమ్మవారి పటం అర్జంటుగా గృహప్రవేశానికి కావాలన్నారట. అమ్మవారి పేరు చెప్పాక నేనేం మాట్లాడతా. మంగళవారం హాల్లో బొమ్మలు కట్టాలి, నేను మధ్యాహ్నం నుంచి ఖాళీ గోడలు చూస్తూ కూర్చున్నా, సాయంత్రం చీకటి పడే వేళకి ట్రాలీ ఆటో వచ్చింది. ప్యాకింగ్ చూస్తే ఏడుపొచ్చింది. పేపర్లు చుట్టి, నిలబెట్టి, తాడు కట్టారు, మూలలకి ఏమీ లేదు. ఫ్రేములు ఎప్పుడూ అద్దం వైపు అద్దం, వీపు వైపు వీపు ఉండేలా పెట్టాలి, లేకపోతే ఒకదాని వెనక ఉన్న హుక్కు ఇంకోదాని అద్దాన్ని పొడుస్తుంది. సరిగ్గా అదే అయ్యింది, దర్గా కొండ బొమ్మ అద్దం కింది మూల నుంచి పైకి పగిలింది. మౌంటు ఉండబట్టి బొమ్మకి గీత పడలేదు, మౌంటుకి పడింది. బండి మాది కాదు కదమ్మా అంటాడు, బండి మీది కాకపోయినా కట్టింది మీరే కదా బాబాయ్ అంటే నవ్వుతాడు. చివరికి అద్దం ఆయన వేశాడు, మౌంటు డబ్బులు నేనిచ్చా. ఆ బొమ్మ మొదటి పూట గోడ మీద లేదు. ప్యాకింగ్ దగ్గర మీరే నించోండి, లేదా పాత దుప్పట్లు పట్టుకెళ్ళండి.

అయితే వాళ్ళబ్బాయి వచ్చి రాత్రి దాకా కూర్చుని బొమ్మలన్నీ వేలాడదీసి వెళ్ళాడు, అది మాట్లాడుకున్న దాంట్లో లేదు. కుర్రాడు కళ్ళంచనాతో చెయ్యలేదు. బొమ్మ నడుము నేల నుంచి 57, 60 అంగుళాల మధ్య ఉంటే నించున్నవాళ్ళ కంటికి సరిగ్గా అందుతుంది అని నేను పిల్లలకి చెప్తుంటా, అతను 58 పట్టుకున్నాడు. ఫ్రేము బయటి ఎత్తు 23, సగం పదకొండున్నర, 58కి అది కలిపి, తీగ లాగి పట్టుకుంటే పై అంచుకి ఎంత కిందకి వస్తుందో ఆ 3 తీసేసి, 66న్నర దగ్గర హుక్కు. ఇదంతా ఫోన్లో కాలిక్యులేటర్ తియ్యకుండా. మా ఎనిమిదో క్లాసు లెక్కల మాస్టారికి చూపించాలి ఇతన్ని. వెనక కింది మూలల్లో రెండు రబ్బరు బొత్తాలు కూడా అంటించాడు, ఫ్రేము గోడకి పూర్తిగా ఆనకుండా వెనక గాలి ఆడుతుంది, చెమ్మ గోడలకి అవి తప్పనిసరి, పది రూపాయల వస్తువు, చాలామంది పెట్టరు.

ఓపెనింగ్ మామూలే, దీపం, శాలువా, రెండు ప్రసంగాలు, సమోసా. ఆ హాలుకి సముద్రం వైపు గాజు తలుపులు, పొద్దున్నే వెలుగంతా ఎదురు గోడ మీద పడుద్ది, ఆ గోడ మీది బొమ్మలకి ఏ అద్దం వేసినా తొమ్మిదింటి వరకు ఎవరి మొహం వాళ్ళకి కనిపిస్తుంది. వదులు తీగ సలహా సాయంత్రం లైట్లకి మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. హార్బర్ నుంచి ఒకాయన వచ్చాడు, మరబోటు డ్రైవరట, బొమ్మలో తాడు కట్టిన తీరు తప్పని చెప్పి, ఎలా కట్టాలో నా చున్నీ కొసతో చూపించాడు. రివ్యూకి సంబంధం లేదు కానీ ఆ వారంలో నాకొచ్చిన మంచి విమర్శ అదొక్కటే.

కాలేజీలో టాక్ గురించి. వడ్డాది పాపయ్య గారు, వపా అని సంతకం చేసేవారు, 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, చాలాకాలం కశింకోటలో ఉన్నారు, అంటే అనకాపల్లి దాటగానే, మనకి బస్సు దూరం, 1992లో పోయారు. చందమామ, యువ ముఖచిత్రాలతో తెలుగిళ్ళలోకి వెళ్ళినంతగా ఇంకో చిత్రకారుడు వెళ్ళి ఉండడు. ఎదురుగా కూర్చున్న ఫైన్ ఆర్ట్స్ పిల్లల్లో చాలామంది ఆయన బొమ్మల్ని ఫోన్లో మాత్రమే చూశారు. స్లైడ్లు చూపిస్తే అదీ ఫోను లాంటిదే కదా అనిపించి ఏదైనా అసలు కాగితం పట్టుకెళ్దాం అనుకున్నా, అప్పుడు గుర్తొచ్చింది ఈ షాపు గోడ మీద వపా ముఖచిత్రం ఒకటి ఫ్రేము కట్టి ఉంది, రంపం మిషను పైన, దుమ్ముకొట్టుకుని. పెద్దాయన కుర్రతనంలో పత్రిక మీంచి కోసి కట్టుకున్నదట.

అడిగితే తీసి ఇచ్చేశాడు, ఇచ్చేముందు ఉండమ్మా అని వెనక మేకులు పీకి బొమ్మ బయటకి తీశాడు. అది చూసి నా టాక్ మొత్తం మార్చేసుకున్నా. బొమ్మంతా నీలంగా ఉంటుంది, చీర నీలం, వొళ్ళు నీలం, సాయంత్రం వేళ వేశారు కాబోలు అనుకునేదాన్ని. ఫ్రేము గాడి కింద దాక్కున్న పావు అంగుళం అంచు చూస్తే అక్కడ చీర కుంకుమ ఎరుపు, ఆకాశం పసుపు. అచ్చు రంగుల్లో పసుపు, ఎరుపు వెలుతురికి ముందు చచ్చిపోతాయి, నీలం ఆఖరి వరకు ఉంటుంది, ఎండలో ఉన్న సినిమా పోస్టర్లు నీలంగా అయిపోయేది అందుకే. పిల్లలకి ఆ కాగితం చేతుల్లో పెట్టి అంచు చూడమన్నా. ఒకమ్మాయి అంచు ఎరుపుని తన వాటర్ కలర్ డబ్బాలోని ఎరుపుతో పోల్చి చూసుకుంది, ఇంకొకడు మరి యూవీ అద్దం వేస్తే ఆగుద్దా మేడం అన్నాడు. కొంత ఆగుద్ది, మామూలు వెలుగు కూడా రంగుని తింటుంది కాబట్టి పూర్తిగా ఆగదు, ఎండ పడే గోడ మీద పెట్టకపోవడమే మందు. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి గ్యాలరీకి వెళ్ళి అసలు బొమ్మలు చూడమని కూడా చెప్పా, 1897లో పుట్టి 1925లో పోయారాయన, ముప్పై కూడా నిండలేదు, ఆ కాస్త కాలంలో వేసినవి ఇప్పటికీ నించుని చూడగలుగుతున్నాం అంటే ఎవరో ఒకరు కాపాడబట్టే.

కాగితం తిరిగి ఇస్తే పెద్దాయన మళ్ళీ అదే మిషను పైన, అదే ఎండలో తగిలించాడు. ఊరందరికీ గోడ ఏదని అడిగే మనిషి. మార్చమంటే, ఇన్నాళ్ళు ఉంది, ఇప్పుడేటి అంటాడు.

ఆదివారం వర్క్‌షాపుకి మెటీరియల్ మొత్తం ఆ షాపు చెత్తే. మౌంటు మధ్యలో కిటికీలా కోసినప్పుడు లోపలి ముక్క వచ్చేస్తుంది కదా, అవి గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి అక్కడ, డబ్బులు తీసుకోలేదు, పోస్టుకార్డు సైజుల్లో కోసి కూడా ఇచ్చాడు. టీచర్లెవరైనా ఉంటే చెప్తున్నా, ఆయిల్ పాస్టల్స్‌కి వీటిని మించిన కాగితం లేదు, దళసరిగా ఉంటుంది, వంగదు, మీగడ, బూడిద, ముదురు పచ్చ, రంగు నేల ముందే ఉంటుంది కాబట్టి తెల్ల కాగితం చూస్తే బిగుసుకుపోయే పిల్లలు కూడా ధైర్యంగా గీసేస్తారు. వాటర్ కలర్ మాత్రం వెయ్యనివ్వకండి, పైపొర నానిపోయి రేగుతుంది. ఒకడు కురుసుర సబ్‌మెరైన్‌కి మీసాలు పెట్టాడు, ఒకమ్మాయి నల్ల ముక్క మీద తెల్ల పాస్టల్ ఒక్కదానితో రాత్రి సముద్రం గీసి ఇంక ఏ రంగూ ముట్టుకోలేదు, ఎంత చెప్పినా. పెద్దాయన కాసేపు వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు, మీసాల వాడు పోయి తాతా దీనికి ఫ్రేము కడితే ఎంత అని బేరం మొదలెట్టాడు, ముందు నీళ్ళు గియ్యరా, నీ బోటు గాల్లో ఉంది అన్నాడాయన. వాడు గీశాడు. నేను అరగంట నుంచి చెప్తే గియ్యలేదు.

కాన్వాస్ వేసేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఆయన కాన్వాస్ పని నాకు నచ్చలేదు. కర్రల మూలలు మేకులతో బిగించేసి దాని మీద గుడ్డ లాగి పిన్నులు కొట్టేస్తాడు, మూలల్లో చెక్క చీలలు పెట్టే ఏర్పాటు ఉండదు. మన ఊళ్ళో వానాకాలం వస్తే కాన్వాస్ వదులై బొజ్జ వేస్తుంది, చీలలుంటే కాస్త తట్టి మళ్ళీ బిగించుకోవచ్చు, బిగుసుకుపోయిన మూలలైతే మొత్తం ఊడదీసి కట్టుకోవాల్సిందే. ఆయిల్స్, ఆక్రిలిక్స్ వాళ్ళు వేరే చోటు చూస్కోండి. కాగితం మీద పనికీ, పాత ఫోటోలకీ అయితే కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు, టైము విషయంలో మాత్రం కళ్ళు తెరుచుకుని ఉండండి.

స్టార్లంటే నాలుగు ఇస్తా. ప్యాకింగ్‌కి ఒకటి కట్.

వెళ్ళేవాళ్ళకి, మార్గశిర మాసం దగ్గర పడుతుంటే వెళ్ళకండి, బురుజుపేట అమ్మవారి గురువారాలకి ఊరంతా పటాలు కట్టించుకుంటుంది, మీ పని సంక్రాంతికి తేలుద్ది. పొద్దున్న పదకొండు లోపు వెళ్తే పెద్దాయన దొరుకుతాడు, మధ్యాహ్నం షట్టరు సగం దించి పడుకుంటాడు, కొట్టకండి, లేచినా మాట్లాడడు. కారు తీసుకెళ్ళొద్దు, బండి కూడా మార్కెట్ బయటే పెట్టి నడిచి వెళ్ళడం నయం, కాకపోతే బొమ్మలు చుట్టగా చుట్టకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని వెళ్ళండి. అడ్వాన్సు సగమే ఇవ్వండి, మొత్తం ముందే ఇచ్చినవాళ్ళ పని వరసలో ఆఖరికి పోతుందని వాళ్ళబ్బాయే చెప్పాడు, హుక్కు బిగిస్తూ, నాన్నకి చెప్పకండి మేడం అని.